గుండెదడకి పోతరాజని పేరు పెట్టుకున్న పిల్లల గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక పాఠకురాలి ఉత్తరం వచ్చింది. యాంగ్జైటీ మీద జోకులేసేవాళ్ళకి మనసు లేదు, అలాంటివి ఎవరూ వేయకూడదు, వేసినా ఎవరూ నవ్వకూడదు అని రాశారావిడ. వాళ్ళింట్లో ఎవరో ఈ బాధ పడుతున్నారని ఆ ఉత్తరం చదివితేనే తెలిసిపోతుంది, ఆవిడ కోపంలో న్యాయం ఉంది. కానీ "ఎవరూ నవ్వకూడదు" అన్న దగ్గర నేను ఆగిపోయాను. ఆ "ఎవరూ"లో మా తమ్ముడు కూడా వస్తాడు కదా, వాడిని కూడా నవ్వొద్దంటే చీకట్లో నడిచేవాడి చేతిలో కర్ర లాక్కున్నట్టే అవుతుంది. అందుకే రాస్తున్నాను. కొంచెం పెద్దదైంది, ఎక్కడైనా కోసుకోండి పర్లేదు, కింద ఒక ఫోన్ నంబర్ రాశాను, అది మాత్రం దయచేసి తీసేయకండి.

నేను జనగామ జిల్లాలో ప్రభుత్వ బడిలో తెలుగు టీచర్ని. తమ్ముడు నాకంటే పదకొండేళ్ళు చిన్న, ఎత్తుకుని పెంచాను వాడిని. డిగ్రీ అయిపోగానే హైదరాబాద్ అశోక్‌నగర్ వెళ్ళిపోయాడు గ్రూప్స్ చదవడానికి. అశోక్‌నగర్ అంటే మన దగ్గర ఎవరికీ చెప్పక్కర్లేదు, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ, చుట్టూ కోచింగ్ సెంటర్లు, ఒక్కో గదిలో నలుగురైదుగురు పిల్లలు, మధ్యాహ్నం 5 రూపాయల భోజనం దగ్గర లైను. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది, రాష్ట్రం వచ్చాక అదే మొట్టమొదటి గ్రూప్-1, ఆ రోజు వాడి గదిలో నలుగురు పిల్లలు రాత్రంతా నిద్రపోలేదట సంతోషంతో. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశాడు, రాసేముందు సెంటర్ బయట గోడ పక్కన రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పాసయ్యాడు. 2023 మార్చిలో పేపర్ లీకైందని ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్ళీ రాశాడు, మళ్ళీ వాంతి, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. తప్పెవరిది అన్న చర్చ జరిగింది, జరుగుతుంది, నేను రాసేది దాని గురించి కాదు. ఆ మధ్యలో మా తమ్ముడి ఒంట్లో ఏం జరిగింది అన్నదే నా విషయం.

మొదటి రద్దు తర్వాత ఏప్రిల్‌లో ఒక రాత్రి గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. ఊరికే దడ కాదు, బనియన్ పైకి కనబడేంత. చేతులు జిల్లుమన్నాయి, మూతి చుట్టూ తిమ్మిరి, ఒళ్ళంతా చెమట, ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోతుంది. "సచ్చిపోతాన్న రా" అన్నాడట, గదిలో పిల్లలు ఆటోలో వేసుకుని ఒక ప్రైవేటు ఆస్పత్రికి పరిగెత్తారు. ఈసీజీ, రక్తపరీక్షలు, టూడీ ఎకో అన్నీ తీశారు, అన్నీ నార్మల్, గ్యాస్ అయి ఉంటదని మాత్రలిచ్చి పంపారు. జూలై లోపల ఇంకో మూడుసార్లు ఇదే వరస, మూడు వేరే వేరే ఆస్పత్రులు, మా నాన్న ఒక ఎడ్లజత బేరం ఆపుకుని పంపిన డబ్బులు అందులోకే పోయాయి. ప్రతిచోటా ఒకటే మాట, "నీకేం లేదు". మంచి మాటే అది, ఎవరైనా సంతోషించాలి. కానీ ఒంట్లో ఇంత జరుగుతుంటే ఏం లేదు అని చెప్పించుకోవడం ఎలా ఉంటుందో వాడు నాకు చెప్పినప్పుడు నేను ఏడ్చాను, "అక్కా, రిపోర్ట్ నార్మల్ అని వస్తే నాకు ఇంకింత భయమైతాంది, అంటే వాళ్ళకు దొరకనిది ఏదో ఉన్నట్టే గదా" అన్నాడు.

ఊర్లో మా అమ్మ దిష్టి తీసింది, పిల్లగాడు దేనికో జడుసుకున్నడని తాయెత్తు కట్టించింది. అమ్మ మాట నేను అప్పుడు కొట్టిపారేశాను కానీ ఇప్పుడు ఆలోచిస్తే ఆస్పత్రులన్నిటికంటే ఆమె చెప్పిందే దగ్గరగా ఉంది. జడుసుకున్నడు అన్నది నిజమే.

వాడికి జరిగింది ఏంటో మొదటిసారి అర్థమయ్యేలా చెప్పింది ఒక గవర్నమెంట్ ఆస్పత్రిలో మనసు డాక్టరమ్మ. ముప్పావుగంట కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీసి చెప్పిందట. మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు గ్రంథులుంటాయి, భయం వేస్తే అవి అడ్రినలిన్ వదుల్తాయి, పులి ఎదురైతే పారిపోవడానికో కొట్లాడడానికో ఒంటిని రెడీ చేయడం దాని పని. గుండె వేగం పెంచుతుంది, రక్తాన్ని పొట్ట నుంచి కండలకి మళ్ళిస్తుంది, అందుకే కడుపులో దేవినట్టు ఉండడం, నోరెండిపోవడం. ఊపిరి మరీ వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, అందుకే పెదాలకి వేళ్ళకి తిమ్మిరి. అమెరికాలో వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త అప్పట్లో కొత్తగా వచ్చిన ఎక్స్‌రేతో పిల్లుల కడుపు కదలికలు చూస్తూ, పిల్లి బెదిరినప్పుడల్లా కడుపు కదలడం ఆగిపోవడం గమనించాడట, ఆ తర్వాత 1915లో ఈ ఒంటి మార్పులన్నీ కలిపి పుస్తకంగా రాశాడు. అంటే మా తమ్ముడి ఒంట్లో పాడైంది ఏమీ లేదు, అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయి, పులి లేని చోట పనిచేస్తున్నాయి అంతే.

ఇంకోటి కూడా చెప్పింది, నాకు బాగా గుర్తుండిపోయింది. 1986లో డేవిడ్ క్లార్క్ అనే ఇంగ్లండ్ సైకాలజిస్టు ఈ పానిక్‌ని, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే ఈ భయాన్ని, ఒక చక్రంలాగా చూపించాడు. గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, మనిషి దాన్ని గుండెపోటు అని చదువుకుంటాడు, ఆ చదువుకోవడంతో భయం పెరుగుతుంది, భయంతో గుండె ఇంకా వేగం, మళ్ళీ అదిగో చూశావా అనుకుంటాడు. ఒంట్లో వచ్చిన మార్పు కంటే దాన్ని మనం ఎలా చదువుకుంటున్నాం అన్నదే అసలు దెబ్బ. తెలుగు టీచర్ని కదా, ఒకే వాక్యానికి రెండు అర్థాలు తీయడం పిల్లలకి రోజూ నేర్పేదాన్నే, నాకు ఈ మాట సూటిగా తగిలింది.

జోకులు వచ్చింది ఇక్కడే.

పానిక్ అటాక్‌కి డాక్టర్ల దగ్గర 13 లక్షణాల లిస్టు ఉంటుంది, అందులో నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఒక్కసారిగా వస్తే పానిక్ అటాక్ కింద లెక్క. ఆ లిస్టు మా తమ్ముడు రాసుకొచ్చి గదిలో గోడకి అంటించాడు. ఆ గదిలో నలుగురిలో ముగ్గురికి ఏదో ఒకటి ఉంది, ఒకడికి పరీక్ష ముందు కడుపు, ఒకడికి చేతుల వణుకు, ఇన్నాళ్ళూ ఒకడికి తెలియకుండా ఒకడు దాచుకున్నారు. 13 అంశాల లిస్టు గోడ మీద కనబడితే గ్రూప్స్ చదివే పిల్లలు ఏం చేస్తారు, సిలబస్ అనుకుంటారు. రాష్ట్ర ప్రభుత్వ పథకాలు బట్టీ పట్టీ పట్టీ ఉన్నారు, ఒక్కో లక్షణానికి ఒక్కో పేరు పెట్టేశారు. పరీక్ష రోజు పొద్దున కడుపు కదిలితే "మిషన్ భగీరథ నల్లా ఇప్పిండ్రు". చేతుల్లో జిల్లుమంటే "కరెంటొచ్చింది, 200 యూనిట్ల లోపే, ఫ్రీ". నోరెండిపోతే "కరువు మండలం ప్రకటించాలె". కాళ్ళు కూలబడిపోయినట్టుంటే "మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్ కుంగింది". గుండెదడకి మాత్రం పథకం పేరు దేనికీ సరిపోలేదట, దానికి పోతరాజు అని పెట్టారు. బోనాలప్పుడు కొరడా పట్టుకుని డప్పులకి ఎగురుతూ వస్తాడు కదా, చిన్నపిల్లలు చూసి జడుసుకుని అమ్మ కొంగు పట్టుకుంటారు, కానీ ఆయన ఎవరినీ చంపడానికి రాడు, ఊరేగింపుతో వచ్చి ఊరేగింపుతోనే పోతాడు. ఆ పేరు పెట్టినవాడు ఎంత ఆలోచించి పెట్టాడో తెలీదు కానీ డాక్టరమ్మ ముప్పావుగంటలో చెప్పిందంతా ఆ ఒక్క పేరులో ఉంది.

ఇవన్నీ నేను మొదట చూసింది వాడి ఫోన్లో. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఫోన్ టేబుల్ మీద పెట్టి స్నానానికి పోయాడు, వరసగా మెసేజ్‌లు వస్తుంటే చూశాను. "పోతరాజు మీ ఊరికి గూడ వచ్చిండా?" అని ఒకడు. "బస్సుల నా పక్క సీట్లనే కూసున్నడు, టికెట్ గూడ తీయలే" అని మా వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వీడికోసం మేము ఇంట్లో నిద్ర లేకుండా ఉంటే వీళ్ళకి ఇది ఆటలా ఉందా అని వాడు బయటికి రాగానే తిట్టాను, అరిచాను, సిగ్గు లేదా అన్నాను. వాడు తల తుడుచుకుంటూ నిలబడి, "అక్కా, భయపడుకుంట గూడ చూసిన, గిది నవ్వుకుంట చూస్తాన్న, నువ్వు ఏదంటే గదే చేస్త" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు వాడిని అలా అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే నాకు తట్టింది, ఈ పిల్లలు కొత్తగా చేసింది ఏముంది, మన భాష ఎప్పట్నుంచో ఇదే చేస్తోంది కదా. భయం గురించి తెలుగులో ఉన్న మాటలు చూడండి, దాదాపు అన్నీ ఒంటి గురించే. గుండెల్లో రైళ్ళు పరుగెత్తాయి అంటాం, మన ఊళ్ళకి రైలొచ్చాక ఎవరో ఒకరు తన గుండెదడని చూసుకుని ఆ మాట అనుంటారు, అన్నప్పుడు పక్కనోళ్ళు నవ్వే ఉంటారు, లేకపోతే అది ఇంతకాలం బతికి మన దాకా రాదు. పై ప్రాణాలు పైనే పోయాయి. ముచ్చెమటలు పట్టాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. గుండెకాయ గొంతులకొచ్చింది. మా దిక్కైతే ఇంకా మొరటుగా లాగు తడిసింది అంటారు, ఎంత ధైర్యస్థుడి గురించైనా అనొచ్చు, తన గురించి తనే చెప్పుకోవచ్చు. పాముని తొక్కినంత పనైన మనిషి ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఆ సంగతి చెప్పేటప్పుడు ఎలా చెప్తాడో మీకు తెలుసు, సగం వణుకు సగం నవ్వు, వినేవాళ్ళు కూడా అంతే. ఆ చెప్పడంతోనే వణుకు దిగుతుంది. అశోక్‌నగర్ గదిలో ఆ అరుగు లేదు, అదొక్కటే తేడా, ఫోన్లో కట్టుకున్నారు.

2024 అక్టోబర్ 20 రాత్రి సంగతి చెప్పాలి. ఆ ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు, జూన్ 9న ముచ్చటగా మూడోసారి ప్రిలిమ్స్ రాసి పాసయ్యాడు, తెల్లారితే అక్టోబర్ 21, మెయిన్స్ మొదలు. రాత్రి రెండింటికి లేచి కూర్చున్నాడు, మళ్ళీ అదే, ఛాతీ పట్టేసింది, ఊపిరి ఆడట్లేదు. పక్క మంచం మీద ఖమ్మం అబ్బాయి లేచి ఏమైందిరా అన్నాడు. మా వాడు కష్టం మీద, "ఛాతిల 144 సెక్షన్ పెట్టిండ్రు రా, నాలుగు శ్వాసల కంటె ఎక్కువ ఒక్కదగ్గర గూడొద్దట" అన్నాడు. ఆ అబ్బాయి నిద్రకళ్ళతోనే, చాలా సీరియస్‌గా, "144 ఎక్కడుంది రా, జూలై 1 నుంచి అది బీఎన్‌ఎస్‌ఎస్ 163, రేపు పేపర్లో ఇట్ల రాస్తే మార్కులు పోతయ్" అన్నాడట. పాత చట్టం పోయి కొత్తది వచ్చాక సెక్షన్ నంబర్ మారింది కదా, అదీ వాడి బాధ. మా తమ్ముడికి ఒక్కసారిగా నవ్వొచ్చింది. పగలబడి నవ్వాడు, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా, మూడో అబ్బాయి కూడా లేచి ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే నవ్వాడు. నవ్వు అంటే ఏంటి, ఊపిరిని తునకలు తునకలుగా బయటికి తోయడమే కదా, ఇంతసేపూ లోపలికి లాక్కుంటూనే ఉన్న మనిషి మొదటిసారి పూర్తిగా బయటికి వదిలాడు. తర్వాత మెల్లగా ఊపిరి కుదుటపడింది. నాలుగింటికి పడుకున్నాడు, పొద్దున పోయి పరీక్ష రాశాడు, ఈసారి వాంతి కాలేదు.

ఇది కథలాగా ఉందని మీకనిపించొచ్చు కానీ ఇందులో పద్ధతి ఉంది, డాక్టరమ్మని అడిగితే ఆమే చెప్పింది. వియన్నాలో విక్టర్ ఫ్రాంకిల్ అనే మానసిక వైద్యుడు ఉండేవాడు, నాజీల క్యాంపుల్లోంచి బతికి బయటపడ్డ మనిషి. ఆయన దగ్గరికి ఒక కుర్ర డాక్టర్ వచ్చాడు, నలుగురిలోకి వెళ్తే చెమట పడుతుందేమో అన్న భయంతోనే అతనికి చెమటలు కారిపోయేవి. ఫ్రాంకిల్ అతనికి చెప్పింది ఏంటంటే, ఈసారి చెమట ఆపుకోవడానికి చూడకు, నేనెంత చెమట కార్చగలనో వీళ్ళకి చూపిస్తా అని కావాలనే అనుకో అని. ఇదివరకు కొంచెమే కార్చాను, ఇవాళ దానికి పదింతలు కారుస్తా అనుకున్నాడట ఆ కుర్రాడు, చెమట తగ్గిపోయింది. భయపడేదాన్నే కోరుకోమని చెప్పడం, అదీ నవ్వొచ్చేంత పెద్దగా కోరుకోమనడం. నవ్వినప్పుడు మనిషి తన భయానికి ఒక అడుగు అవతల నిలబడతాడు అన్నది ఆయన అనుభవం. ఇప్పటి చికిత్సలో కూడా కొంచెం ఇలాంటిదే చేయిస్తారు, మా వాడితో ఆస్పత్రి మెట్లు పైదాకా పరిగెత్తించి దిగమన్నారు, గుండె దడదడలాడింది, ఇప్పుడు చచ్చిపోతున్నావా అని అడిగారు, లేదన్నాడు, మరి రాత్రి కొట్టుకునేదీ ఇదే గుండె కదా అన్నారు. మందులు కూడా వాడాడు, అవి పట్టడానికి కొన్ని వారాలు పట్టింది, ఆ వారాలు గడవడానికి పోతరాజు సాయం చేశాడు. నవ్వుతోనే తగ్గిపోయిందని నేను చెప్పట్లేదు, అలా చెప్పేవాళ్ళని నమ్మొద్దు. ఛాతీలో నొప్పి మొదటిసారి వస్తే యాంగ్జైటీ అనుకుని ఇంట్లో కూర్చోకుండా ముందు గుండె చూపించుకోవాలి, అవసరమైతే 108కి ఫోన్ చేయాలి. మా వాడి ఎకో నార్మల్ అని తేలాకే మేము పోతరాజు దాకా వచ్చాం.

ఇప్పుడు ఆ పాఠకురాలి కోపం దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆవిడ చెప్పిన నొప్పి మాకూ తగిలింది. మా బాబాయి వాళ్ళ ఇంట్లో పెళ్ళికి పోతే ఒక పెద్దాయన అందరి ముందు, బంతిలో కూర్చున్న మా తమ్ముడిని, "ఏం రా, గుండె మంచిగనే కొట్టుకుంటాందా, లేకుంటే ఎర్రగడ్డకు పోయేటి బస్సు చూడాల్నా" అన్నాడు. బంతి అంతా నవ్వింది. వాడు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఎర్రగడ్డ అన్న ఊరిపేరుని మనం తెలుగువాళ్ళం ఏం చేశామో చూడండి, హైదరాబాద్ వాళ్ళకి ఎర్రగడ్డ, అటు ఆంధ్రాలో వైజాగ్, అక్కడ మానసిక వైద్యశాల ఉండడమే పాపం అయింది, తరతరాలుగా తిట్టు కింద వాడుతున్నాం. వైద్యం దొరికే చోటు పేరే తిట్టు అయితే అక్కడికి ఎవరు పోతారు? బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్ళు 2015-16లో దేశమంతా సర్వే చేస్తే, రకరకాల మానసిక జబ్బులు ఉన్నవాళ్ళలో వైద్యం అందనివాళ్ళు జబ్బుని బట్టి 70 శాతం నుంచి 92 శాతం దాకా తేలారు. వాళ్ళలో ఎంతమందిని ఇలాంటి బంతి భోజనాల దగ్గర నవ్వులే ఆపేశాయో అనిపిస్తుంది నాకు.

మాటలు చూస్తే పెద్దాయన జోకూ, ఖమ్మం అబ్బాయి జోకూ రెండూ గుండె గురించే, రెండిటికీ జనం నవ్వారు. కానీ ఒకడు లోపల ఉండి అన్నాడు, రాత్రి రెండింటికి లేచి కూర్చుని అన్నాడు, తనకీ అదే వణుకు ఉండి అన్నాడు. ఇంకొకాయన బయట నిలబడి వేలు చూపించి అన్నాడు. ఖమ్మం అబ్బాయి నవ్వించింది దడ మీద, పెద్దాయన నవ్వించింది మనిషి మీద. అందుకే అమ్మా, మీరు బ్యాన్ చేయమంటున్నది ఆ పెద్దాయన మాట అయితే మీతోపాటు నేనూ సంతకం పెడతాను. ఈ పిల్లల మాటలు మాత్రం వాళ్ళకి వదిలేయండి.

ఒక్క విషయంలో మాత్రం నా కోపమే నిజమైంది, అది దాచకూడదు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు ఫోన్లో నేను చూసిన మెసేజ్‌లలో ఒకటి ఇలా ఉంది. 13వ లక్షణం, అంటే చచ్చిపోతానేమో అన్న భయం, దానికి రైతు బీమా అని పేరు పెట్టారు, రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వచ్చే పథకం కదా. దాని కింద వాళ్ళలో నాలుగో అబ్బాయి, పేరు రాయను, "నా పేర గుంట భూమి గూడ లేదు, నేను సచ్చినా రూపాయి రాదు" అని పెట్టాడు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నలుగురిలో తనకేం లేదని చెప్పింది ఆ అబ్బాయే, అందరికంటే బాగా జోకులేసేదీ ఆ అబ్బాయే. ఆ తర్వాత నెలల్లో అతని జోకులు మారాయి, ముందు చేతుల మీద కడుపు మీద ఉండేవి, మెల్లగా తన మీదికి వచ్చాయి, నేను లేకుంటే గది కిరాయి మనిషికి ఎంత పడుతది, నా బుక్స్ ఎవడు తీసుకుంటడు అని. మొదట గుర్తుపట్టింది మా తమ్ముడే. "అక్కా, మా జోకుల పోతరాజు వచ్చిపోతడు, వాని జోకుల వాడే పోతాండు" అన్నాడు నాకు ఫోన్ చేసి. ఆ మాట విని నాకు చేతులు చల్లబడిపోయాయి. ఆ రాత్రి గదిలో ఎవరూ జోకు వేయలేదు, నేరుగా అడిగారు, చచ్చిపోవాలని అనిపిస్తుందా అని, ఆ అబ్బాయి ఔనని ఏడ్చాడు. మనసు బాగోలేనివాళ్ళకి సాయం చేసే టెలీ మానస్ నంబర్‌కి ఫోన్ చేశారు, తెల్లారి ముగ్గురూ కలిసి ఆస్పత్రికి తీసుకెళ్ళారు, వాళ్ళ నాన్నని పిలిపించారు. ఇప్పుడు ఊర్లోనే ఉన్నాడు, మందులు వాడుతున్నాడు, బాగున్నాడు, మొన్న చేలో పత్తి ఏరుతున్న ఫోటో పంపాడు.

కాబట్టి పిల్లల ఫోన్లలో ఇలాంటి జోకులు కనబడితే ఇళ్ళల్లో పెద్దవాళ్ళు నాలాగా తిట్టొద్దు, నవ్వేసి వదిలేయనూ వద్దు, వినండి. జోకు దేని మీద ఉందో చూడండి. దడ మీద, చెమట మీద, కడుపు మీద ఉంటే వాడు దాన్ని చూసి నిలబడుతున్నాడని అర్థం. తను లేకపోవడం మీద ఉంటే ఆ రోజే పక్కన కూర్చుని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని భయపడొద్దు, అలా జరగదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నేను ముందు చెప్పిన నంబర్ ఇదే, టెలీ మానస్, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎడిటర్ గారూ, పరీక్షలు, ఫలితాలు వచ్చిన రోజుల్లో ర్యాంకర్ల ఫోటోల పక్కన ఈ అయిదు అంకెలు వేస్తే ఎంత జాగా పడుతుంది చెప్పండి.

మా తమ్ముడికి ఉద్యోగం ఇంకా రాలేదు, అదే అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో జాగ్రఫీ చెప్తున్నాడు. దడ పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడూ వస్తుంది, వస్తుందని తెలిసి ఉండడం నేర్చుకున్నాడు. పోయిన ఉగాదికి ఆ ముగ్గురూ కలిసి నన్ను వాళ్ళ ఫోన్ గ్రూపులో చేర్చుకున్నారు, అక్క కూడా మనిషే కదా అని. నేను అందులో జోకులు రాయను, అవి వాళ్ళవి, చదువుతాను అంతే. పోయిన మంగళవారం రాత్రి పదకొండింటికి తమ్ముడి మెసేజ్ వచ్చింది, "పోతరాజు వచ్చిండు" అని. మిగతా ఇద్దరూ నిద్రపోయినట్టున్నారు, ఎవరూ పలకలేదు. ఇదివరకైతే వెంటనే ఫోన్ చేసి ఏమైందిరా, ఊపిరి ఆడుతుందా, ఆస్పత్రికి పోతావా అని నేనే వాడికంటే ఎక్కువ కంగారు పడేదాన్ని. కాసేపు ఆలోచించి, "ఎంతసేపు ఉంటడంట?" అని పెట్టాను. కొంచెంసేపు ఏమీ రాలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

"పది నిమిషాలు అక్కా, బస్టాండ్ దాక సాగనంపి పండుకుంట" అని వచ్చింది.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్,
జనగామ జిల్లా